వివాహము తేలని ఇంటిలో బిడ్డలు: కృష్ణా డెల్టా సంఘముల యెదుట వివాహ ప్రశ్న, పోషణ ప్రశ్న

ఉపోద్ఘాతము

పెండ్లి కాకుండ కలిసి కాపురముండి బిడ్డలను పెంచుచున్న స్త్రీ పురుషుల విషయములో సంఘము ఏమి చేయవలెను? పత్రికలు దీనిని సహజీవనమని పిలిచి, నగరములలో ఉద్యోగములు చేసికొను యువతరపు సంగతిగా వ్రాయుచుండును. గుడ్లవల్లేరు, గుడివాడ, పెడన, దివిసీమ ప్రాంతముల కాపరులకు ఇదే ప్రశ్న వేరొక రూపములో వచ్చును. బిడ్డకు బాప్తిస్మమో, ప్రతిష్ఠయో చేయుమని తల్లి వచ్చి అడుగును. రిజిస్టరులో తండ్రి పేరు వ్రాయబోవునప్పుడు ఆ తల్లిదండ్రులకు వివాహమే జరుగలేదని, లేక జరిగిన వివాహము చట్టము యెదుట నిలువదని తెలియును.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నవి. వీరిది వివాహమా, కాకపోయినయెడల దానిని వివాహముగా చేయుట సాధ్యమా అనునది మొదటిది. ఈ బిడ్డలకు, ఈ స్త్రీకి అన్నము, బట్ట, పేరు ఎవరు ఇయ్యవలెను అనునది రెండవది. మొదటి ప్రశ్న తేలువరకు రెండవ దానిని ఆపుట లేఖనములకు సమ్మతము కాదని, మన దేశ చట్టము కూడ అట్లు ఆపుట లేదని ఈ వ్యాసములో చూపదలచితిమి. వివాహమును తేలికగా చేయుట మా ఉద్దేశము కాదు. వివాహము దేవుని ఏర్పాటు అని నమ్ముచున్నాము గనుకనే, దానిని సరిగా, న్యాయముగా, కాగితముతో సహా నిలువబెట్టవలెనని కోరుచున్నాము.

1. మన గ్రామములలో ఈ సమస్య రూపము

డెల్టా గ్రామములలో వివాహము తేలని కాపురములు సాధారణముగా మూడు విధములుగా కనబడును.

మొదటిది, పెద్దమనుషుల తెగతెంపుల తరువాత కట్టుకొన్న కాపురము. మొదటి భర్తతో పొసగక, పెద్దల యెదుట స్టాంపు కాగితముపై విడాకులు వ్రాసికొని, స్త్రీ మరియొకనితో మారుమనువు చేసికొనును. ఊరివారి దృష్టిలో ఆమె రెండవ భర్తకు భార్యయే. కాని కోర్టు డిక్రీ లేదు.

రెండవది, కులము వేరగుట వలననో, పెద్దలు ఒప్పుకొననందుననో ఊరు విడిచి వెళ్లి, బిడ్డ పుట్టిన తరువాత తిరిగివచ్చినవారి కాపురము. ఎక్కడనో తాళి కట్టుకొనియుందురు, లేక లైసెన్సు లేని ఒక సేవకుడు ప్రార్థన చేసి పంపియుండును. సాక్షులు లేరు, రిజిస్టరు లేదు.

మూడవది, భార్య ఉన్న పురుషుడు మరియొక స్త్రీని చేరదీసిన ఇల్లు. మొదటి రెండింటి వలె దీనిని వివాహముగా సరిచేయుటకు దారి లేదు. అయినను అక్కడ కూడ బిడ్డలున్నారు.

వీటికి తోడు, జీవిత భాగస్వామి కనబడకుండ పోయిన సందర్భములున్నవి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసికొనిపోయినది. సముద్రము మీద బ్రతుకు గడుపు ప్రాంతములో, శవము దొరకని భర్త చనిపోయినట్టా, బ్రతికియున్నట్టా అనునది పుస్తకపు ప్రశ్న కాదు.

ఒక ఉదాహరణను ఊహించుకొందము. స్టాంపు కాగితముతో మొదటి భర్తను విడిచిన స్త్రీ, చేపల చెరువు కాపలా పనిచేయు ఒకనితో పది సంవత్సరములు కాపురముండి ఇద్దరు బిడ్డలను కన్నది. ఊడ్పులకు, కోతలకు ఆమె కూలికి వెళ్లి ఇల్లు నడిపినది. ఇప్పుడు అతడు వేరొక సంబంధము చూచుకొని, నీవు నా భార్యవు కావు పొమ్మనుచున్నాడు. ఆమె కాపరి యొద్దకు వచ్చినది. కొందరు కాపరులు, పాపపు కాపురము విడిపోయినది, మంచిదే అందురు. మరికొందరు, మరల కలిసియుండుమని ఇద్దరికి ప్రార్థన చేసి పంపుదురు. మొదటి జవాబు బిడ్డలను మరచినది. రెండవది సత్యమును మరచినది.

2. లేఖనముల వెలుగులో

హాగరు వృత్తాంతమును ఈ దృష్టితో మరల చదువవలెను. అబ్రాహాము ప్రొద్దుననే లేచి, కొంత ఆహారమును నీళ్ల తిత్తిని ఆమె భుజము మీద పెట్టి, పిల్లవానితో కూడ ఆమెను పంపివేసెను (ఆది. 21:14). అతడు ధనవంతుడు. మందలు, దాసులు కలవాడు. ఆమెకు ఇచ్చినది ఒక దినపు బత్తెము. ఆ నీళ్లు అరణ్యములోనే అయిపోయెను. అప్పుడు దేవుడు ఆ చిన్నవాని మొర వినెను (21:17). ఆ బిడ్డ వాగ్దాన పుత్రుడు కాడని అధ్యాయము స్పష్టముగా చెప్పుచునే, వాని ఆకలిని దేవుడు లెక్కలోనికి తీసికొనెనని కూడ అంతే స్పష్టముగా చెప్పుచున్నది. వారసత్వ ప్రశ్న వేరు, దప్పిక ప్రశ్న వేరు.

ధర్మశాస్త్రము ఈ భేదమును ఇంకను ముందుకు తీసికొనిపోవును. దాసిగా వచ్చిన స్త్రీని చేర్చుకొన్నవాడు మరియొకతెను పెండ్లి చేసికొన్నను, మొదటి ఆమెకు ఆహారము, వస్త్రము తక్కువ చేయరాదు (నిర్గమ. 21:10). కన్యకను మరులుకొల్పినవాడు ఆమె ఓలి ఇచ్చి ఆమెను పెండ్లి చేసికొనవలెను. తండ్రి ఒప్పుకొనక పెండ్లి జరుగకపోయినను ఓలి సొమ్ము ఇయ్యవలసినదే (22:16-17). అనగా వివాహము ఆగినను బాధ్యత ఆగదు. ప్రేమింపబడని భార్య కుమారుడు జ్యేష్ఠుడైనయెడల, తండ్రి మనస్సు ఎటువైపు ఉన్నను ఆ కుమారుని రెండు పాళ్లు తగ్గింపరాదు (ద్వితీ. 21:15-17). బిడ్డ హక్కు తండ్రి ఇష్టముపై ఆధారపడదను సూత్రము ఇక్కడ ఉన్నది.

పరిత్యాగ పత్రికను స్త్రీ చేతికి ఇయ్యవలెననుట (ద్వితీ. 24:1) కూడ ఈ వరుసలోనిదే. ప్రభువు చెప్పినట్లు అది హృదయ కాఠిన్యమును బట్టి ఇయ్యబడినది (మత్తయి 19:8). అయినను ఆ కాగితము లేని స్త్రీ ఎవరి భార్యయో తెలియక మిగిలిపోవును. మన గ్రామములలో నేడును అదే స్థితి.

యెఫ్తాను అతని సోదరులు తల్లిని బట్టి వెళ్లగొట్టి, తండ్రి ఇంట స్వాస్థ్యము లేదనిరి (న్యాయా. 11:2). గ్రంథకర్త దానిని మెచ్చుకొనుట లేదు. తరువాత అతనినే రక్షకునిగా పిలువవలసివచ్చినదని చెప్పుచున్నాడు. కుమారుడు తండ్రి దోషమును మోయడని యెహెజ్కేలు ప్రకటించెను (18:20). యోసేపు చేసినదానిని గమనింపుడి. అతడు మరియను చేర్చుకొని, బిడ్డకు తానే పేరు పెట్టెను (మత్తయి 1:24-25). పేరు పెట్టుట అనగా, ఈ బిడ్డ నా ఇంటివాడని ఊరి యెదుట ఒప్పుకొనుట. తన ఇంటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి వ్రాసినప్పుడు (1 తిమోతి 5:8), వివాహ పత్రము గలవారిని మాత్రమే ఇంటివారని నిర్వచింపలేదు.

ఎజ్రా 10వ అధ్యాయమును ఆధారము చేసికొని భార్యలను బిడ్డలతో సహా పంపివేయుమని బోధించువారు కలరు. అది చెరనుండి తిరిగివచ్చిన ఒక సమాజపు ప్రత్యేక సంక్షోభము. అవిశ్వాసియైన భార్య కాపురముండుటకు ఇష్టపడినయెడల ఆమెను పరిత్యజింపవద్దని, వారి పిల్లలు పవిత్రులని పౌలు కొరింథీ సంఘమునకు చెప్పిన మాటను (1 కొరింథీ. 7:12-14) దాని ప్రక్కన పెట్టి చదువవలెను.

3. సంఘ చరిత్ర నేర్పునది

ఆది సంఘము ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. క్రీ.శ. 400లో స్పెయిను దేశములోని టొలేడో సభ, భార్య లేక ఒకే స్త్రీతో భార్యతోవలె నమ్మకముగా ఉన్న పురుషుని ప్రభువు బల్లనుండి తొలగింపరాదని నిర్ణయించినది. భార్య ఉండియు మరియొకతెను ఉంచుకొన్నవానికి అట్టి అవకాశము ఇయ్యలేదు.

అగస్టీను జీవితము మరింత తీవ్రమైన ఉదాహరణ. పదేండ్లకు పైగా అతడు వివాహము లేకుండ ఒక స్త్రీతో కాపురముండెను. వారికి ఆదెయొదాతు అను కుమారుడు కలిగెను. గొప్ప సంబంధము కుదిరినందున ఆమెను ఆఫ్రికాకు పంపివేసిరి. కుమారుడు తండ్రి యొద్దనే ఉండి, 387 ఈస్టరునాడు మిలాను పట్టణములో తండ్రితో కూడ బాప్తిస్మము పొందెను. ఆ బిడ్డ జన్మమును సంఘము అడ్డుగా ఎంచలేదు. తరువాత అగస్టీను వివాహ శ్రేష్ఠతను గూర్చి వ్రాసిన గ్రంథములో, మరణమువరకు ఒకరికొకరు నమ్మకముగా ఉండదలచి, బిడ్డలను వద్దనని జంట కాపురమును వివాహమని పిలుచుట అసంగతము కాకపోవచ్చునని వ్రాసెను. తనకు తగిన సంబంధము దొరకువరకు ఒక స్త్రీని ఉంచుకొన్నవాడు మనస్సులో వ్యభిచారియే అని కూడ వ్రాసెను. ఆ రెండవ మాట తన గతమునకే తగులును. ఆ స్త్రీ పేరు మాత్రము అతడు ఎక్కడను చెప్పలేదు.

పాశ్చాత్య సంఘములో చాలాకాలము ఇద్దరి సమ్మతియే వివాహమునకు చాలినదని ఎంచబడెను. రహస్య వివాహముల వలన స్త్రీలకు జరిగిన అన్యాయము చూచి, 1563లో ట్రెంటు సభ యాజకుడు, సాక్షులు ఉండవలెనని నియమించినది. సాక్షి, రిజిస్టరు అనునవి బలహీనులకు రక్షణగా వచ్చినవని మనము గ్రహింపవలెను.

మన ప్రాంతములో 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నములో సి.ఎం.ఎస్. పరిచర్య ఆరంభించిరి. తరువాతి తరములో మతాంతర వివాహ రద్దు చట్టము (1866), విడాకుల చట్టము (1869), భారత క్రైస్తవ వివాహ చట్టము (1872) వరుసగా వచ్చినవి. చివరి రెండును నేటికిని మన సంఘ వివాహములను పాలించుచున్నవి.

4. వివాహ ప్రశ్న: చట్టము చెప్పునది

1872 చట్టము 4వ సెక్షను ప్రకారము వధూవరులలో ఒకరైనను క్రైస్తవులైనయెడల ఆ వివాహము ఈ చట్టము చొప్పున జరుగవలెను. జరిపించువారు ఎవరో 5వ సెక్షను చెప్పును. బిషప్పుచే అభిషేకము పొందినవారు, ప్రభుత్వ లైసెన్సు పొందిన సేవకులు, వివాహ రిజిస్ట్రారు మొదలగువారే అర్హులు. అధికారము లేకుండ వివాహము జరిపించుట 68వ సెక్షను క్రింద పది సంవత్సరములవరకు జైలుశిక్ష పడదగిన నేరము. దీనికన్న ముఖ్యమైన సంగతి ఏమనగా, లైసెన్సు లేని ప్రార్థన వలన ఆ స్త్రీ చేతిలో రుజువు మిగలదు.

విడాకుల విషయములో భేదము గమనింపవలెను. ఆచారము ప్రకారము జరిగిన విడాకులను హిందూ వివాహ చట్టము 29(2) సెక్షను కాపాడుచున్నది. అయితే ఆ ఆచారమును కోర్టులో రుజువు చేయవలెను. క్రైస్తవులకు అట్టి మినహాయింపు లేదు. పెద్దమనుషుల కాగితము క్రైస్తవ వివాహమును రద్దుచేయజాలదు. 2001 సవరణకు ముందు క్రైస్తవ స్త్రీ విడాకులు పొందుట మిక్కిలి కష్టము. వ్యభిచారముతో పాటు క్రూరత్వమునో, విడిచిపెట్టుటనో రుజువు చేయవలసియుండెను. 2001 సవరణ తరువాత క్రూరత్వము, రెండేండ్లు విడిచిపెట్టుట, ఏడేండ్లు ఆచూకి లేకపోవుట ఒక్కొక్కటియే చాలిన కారణములు. పరస్పర సమ్మతితో విడాకులకు 10ఎ సెక్షను కలదు. పాత చట్టమునకు భయపడి కోర్టుకు వెళ్లని కుటుంబములకు ఈ మార్పును తెలియజేయవలెను.

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అట్టివారు బి.సి. 'సి' క్రింద వచ్చుదురు. అందువలన ఆరాధనలో క్రైస్తవులును, కాగితము మీద హిందువులును అయిన దంపతులు అనేకులు వివాహమును రిజిస్టరు చేయించుటకు జంకుదురు. ఇద్దరును హిందువులుగా నమోదైయుండి మందిరములో మాత్రమే వివాహము జరిగినయెడల, అది ఏ చట్టము క్రింద నిలుచునను వివాదము రావచ్చును. హిందూ వివాహమునకు తగిన ఆచార కర్మ జరుగనిదే రిజిస్ట్రేషను మాత్రమున వివాహము కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 19న చెప్పినది. ఈ అన్యాయపు ఉత్తర్వును గూర్చి సంఘము పోరాడుట ఒక సంగతి. ఆ పోరాటము ముగియువరకు స్త్రీలు, బిడ్డలు రుజువు లేకుండ ఉండుట మరియొక సంగతి.

వీరికి 1954 ప్రత్యేక వివాహ చట్టము ఒక దారి. అది దంపతుల మతముపై ఆధారపడదు. 15వ సెక్షను చొప్పున, ఇంతకుముందే ఏదో ఒక విధమైన వివాహ కార్యము జరిగి, నాటినుండి కలిసి కాపురమున్నవారు, ఇద్దరికిని 21 సంవత్సరములు నిండి, మరియొక జీవిత భాగస్వామి లేనియెడల, ముప్పది దినముల నోటీసు తరువాత నమోదు చేసికొనవచ్చును. 18వ సెక్షను చొప్పున, ఆ కార్యము తరువాత పుట్టిన బిడ్డల పేర్లు కూడ పుస్తకములో వ్రాయబడి, వారు ఆదినుండి ధర్మబద్ధ సంతానముగా ఎంచబడుదురు. ఏ కార్యమును జరుగనివారు ఇదే చట్టము క్రింద క్రొత్తగా వివాహము చేసికొనవచ్చును.

5. పోషణ ప్రశ్న: చట్టము చెప్పునది

వివాహ ప్రశ్నలో చట్టము కఠినముగా ఉన్నను, పోషణ ప్రశ్నలో చాలావరకు దయగలది. మనోవర్తిని గూర్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 125వ సెక్షను 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనుగా మారినది. ధర్మబద్ధ సంతానమైనను, కాకపోయినను, తన్ను తాను పోషించుకొనలేని మైనరు బిడ్డకు తండ్రి మనోవర్తి ఇయ్యవలెనని అది చెప్పుచున్నది. మతభేదము లేదు. స్త్రీ తాను నివసించు చోటనే మేజిస్ట్రేటు కోర్టులో అడుగవచ్చును. తాత్కాలిక మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన అరువది దినములలో సాధ్యమైనంతవరకు పరిష్కరింపవలెను.

స్త్రీ విషయములో 2005 గృహహింస చట్టము వివాహము వంటి సంబంధములో ఉన్నవారిని కూడ కాపాడుచున్నది. ఇద్దరును వివాహమునకు అర్హులై, చాలాకాలము లోకము యెదుట భార్యాభర్తలవలె జీవించియుండవలెనని సుప్రీంకోర్టు 2010లో వివరించినది. మనోవర్తి కేసులో వివాహమును కఠినముగా రుజువు చేయనక్కరలేదని, దీర్ఘకాల కాపురమే వివాహమును సూచించునని 2018లో మరల చెప్పినది.

మన ఉదాహరణకు మిక్కిలి దగ్గరైనది 2025 జనవరి 30 నాటి తీర్పు. హైదరాబాదుకు చెందిన ఒక స్త్రీ మొదటి భర్తతో ఒప్పంద పత్రము వ్రాసికొని విడిపోయినది. కోర్టు డిక్రీ లేదు. ఆ సంగతి తెలిసియే మరియొకడు ఆమెను పెండ్లి చేసికొనెను. వారికి కుమార్తె కలిగినది. విభేదములు వచ్చినప్పుడు, మొదటి వివాహము రద్దు కాలేదు గనుక ఈమె నా భార్య కాదని అతడు వాదించెను. హైకోర్టు ఆమెకు మనోవర్తి నిరాకరించినది. సుప్రీంకోర్టు దానిని త్రోసివేసి, అన్నియు తెలిసి కాపురము చేసినవాడు ఆ లోపమును చూపి బాధ్యతను తప్పించుకొనరాదని నిర్ణయించినది.

అయితే ఒక హెచ్చరిక అవసరము. దానికి రెండు దినముల ముందు, 2025 జనవరి 28న, అదే న్యాయస్థానము కేరళ నుండి వచ్చిన కేసులో వేరొక సంగతి స్పష్టపరచినది. స్త్రీకి చెల్లుబాటగు వివాహము ఉన్నంతకాలము పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డయనియే చట్టము ఎంచును. ఆ కాలములో దంపతులకు కలయికకు అవకాశమే లేదని రుజువు చేసిననే ఆ ఊహ తొలగును. కావున డిక్రీ లేక కాపురము మార్చిన స్త్రీ బిడ్డకు తండ్రి ఎవరను ప్రశ్న కోర్టులో చిక్కుపడవచ్చును. పెద్దమనుషుల కాగితము విడాకులు కాకపోయినను, వేరుగా ఉన్న తేదీకి ఆధారముగా పనికివచ్చును. దానిని పారవేయనీయరాదు.

తండ్రి ముందుకు రానప్పుడు తల్లి నిస్సహాయురాలు కాదు. 2015 జూలై 6న, అవివాహితయైన ఒక క్రైస్తవ తల్లి కేసులో, తండ్రి పేరు చెప్పకయే ఆమె బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని, జనన ధ్రువపత్రమునకు ఆమె అఫిడవిట్టు చాలునని సుప్రీంకోర్టు చెప్పినది. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు పాఠశాల ప్రవేశము మొదలగువాటికి జనన ధ్రువపత్రము ప్రధాన ఆధారమైనందున ఇది మరింత ముఖ్యము.

ఆస్తి విషయములో బాధ ఎక్కువ. చెల్లని వివాహములో పుట్టిన హిందూ బిడ్డలకు తలిదండ్రుల వాటాలో హక్కును 2023 సెప్టెంబరు 1 నాటి తీర్పు స్థిరపరచినది. ఆ రక్షణ హిందూ వివాహ చట్టము 16వ సెక్షను నుండి వచ్చినది. క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టములో అట్టి సెక్షను లేదు. కావున తండ్రి పేర్లు వ్రాసి, ఇద్దరు సాక్షులతో వీలునామా వ్రాయుట అవసరము. ఈ చట్టము 69వ సెక్షను చొప్పున, వీలునామా వ్రాసిన తరువాత క్రైస్తవుడు వివాహము చేసికొన్నయెడల పాత వీలునామా రద్దగును. కాపురమును సరిచేసికొన్న దంపతులు దానిని మరల వ్రాయవలెను.

6. కాపరి చేయదగినవి

పైదానిని బట్టి మేము ఈ క్రమమును సూచించుచున్నాము.

(1) బిడ్డను ముందుగా చూడవలెను. ఆయా సంఘ క్రమము చొప్పున బాప్తిస్మము గాని, ప్రతిష్ఠ గాని తలిదండ్రుల వివాహ స్థితిని బట్టి శిక్షగా ఆపరాదు. తలిదండ్రులు బోధ పొంది, బాధ్యత ఒప్పుకొనవలెనని అడుగుట న్యాయమే.

(2) పూర్తి సంగతి అడిగి తెలిసికొనవలెను. మొదటి వివాహము ఎక్కడ, ఎవరు జరిపించిరి? డిక్రీ ఉన్నదా? ఏ కాగితములున్నవి? ప్రభువు సమరయ స్త్రీతో మాటలాడినట్లు (యోహాను 4:16-18) సత్యమును ఆమెను సిగ్గుపరచకుండ బయటికి తేవలెను.

(3) అడ్డు లేని జంటకు ఆలస్యము లేకుండ చట్టబద్ధ వివాహము చేయవలెను. లైసెన్సు లేని కాపరి, లైసెన్సు గలవారిని పిలుచుటకు సిగ్గుపడరాదు. కట్నములు, విందు ఖర్చుల భయముతో వాయిదా వేయుచున్నవారికి ఆదివారపు ఆరాధనలోనే నిరాడంబరముగా జరిపించవచ్చును.

(4) మొదటి వివాహము తేలనివారిని డిక్రీ కొరకు కోర్టుకు పంపవలెను. స్త్రీలకు, బిడ్డలకు, షెడ్యూల్డు కులములవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము 1987 చట్టము క్రింద లభించును. మచిలీపట్నములో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. ఈలోగా వివాహ క్రమమును వారికి చదువరాదు.

(5) విడిపొమ్మని సలహా ఇయ్యవలసివచ్చినయెడల, ముఖ్యముగా మూడవ విధమైన ఇంటిలో, బిడ్డల పోషణ ఎంత, ఎవరి చేతికి, ఏ తేదీకి అనునది వ్రాతపూర్వకముగా తేలక ముందు ఆ మాట చెప్పరాదు. పశ్చాత్తాపపడిన పురుషుడు మందిరములో కన్నీరు కార్చుటతో సరిపోదు. నెలనెల బిడ్డకు డబ్బు పంపుట ఆ పశ్చాత్తాపమునకు తగిన ఫలము. మొదటి భార్య, ఆమె బిడ్డలు కూడ అదే సంఘములో ఉండవచ్చును. వారికి రావలసినది తగ్గకుండ చూచుట కాపరి బాధ్యతయే.

ముగింపు

వివాహమును ఘనముగా ఎంచు సంఘము, ఆ ఘనతకు వెలను బిడ్డల చేత కట్టింపరాదు. వివాహ ప్రశ్నకు జవాబు దొరకుటకు కోర్టులో సంవత్సరములు పట్టవచ్చును. బిడ్డ ఆకలికి ఆ వాయిదాలు తెలియవు. సెమినరీ విద్యార్థులు వివాహ వేదాంతమును ఎంత శ్రద్ధతో చదువుదురో, 1872 చట్టమును, 144వ సెక్షనును, జనన నమోదు విధానమును అంతే శ్రద్ధతో చదువవలెనని మా మనవి. కాపరులు తమ సంఘములోని వివాహ రిజిస్టరును ఒకమారు తెరచి, ఏ ఇంటి పేరు అందులో లేదో చూడవలెను. అబ్రాహాము ఇచ్చిన తిత్తిలో నీళ్లు త్వరలోనే అయిపోయినవి. అట్టి ఇండ్లలోని బిడ్డల మొర వినుట కాపరి పరిచర్యలో మొదటి పనిగా ఎంచవలెను.